గూట్లో ఇంటూ గుర్తు వేసే సాలీడు ఏ జాతో ఎలా తేల్చాలి? (ఉద్దానం, జీడితోట, వరి మళ్లు)

కవిటి_జీడితోట

అందరికీ నమస్కారమండీ. మాది ఉద్దానం, కవిటి దగ్గర పల్లెటూరు. డిగ్రీ చివరి సంవత్సరం, జువాలజీ. ప్రాజెక్టు కోసం మా తోటలోనూ, దిగువ వరి మళ్లలోనూ కనిపించే సాలీళ్లన్నిటినీ రాసుకుంటున్నాను. మిగతావి ఎలాగో నడుస్తున్నాయి గానీ ఒక్క రకం దగ్గర పని ఆగిపోయింది. గూడు మధ్యలో తెల్లటి పట్టుతో ఇంటూ గుర్తులాగా వంకర టింకర కుట్టు వేసి, ఎనిమిది కాళ్లనూ రెండేసి చొప్పున జత చేసి, సరిగ్గా ఆ ఇంటూ మీదే తలకిందులుగా కూర్చుంటాయే, అవి. ఆర్జియోపి అనే ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) అని చదివి తెలుసుకున్నాను. అక్కడిదాకా బాగానే ఉంది, అసలు తంటా అంతా స్పీసీస్, అంటే జాతి దగ్గరే.

నా దగ్గర నాలుగింటి ఫోటోలున్నాయి, పేర్లు తెలియక ఏ, బి, సి, డి అని పెట్టుకున్నాను. ఏ అనేది జీడిచెట్టు కింది కొమ్మకీ కంచెకీ మధ్య గూడు కట్టింది. పొట్ట పైనుంచి చూస్తే ఐదు మూలలుగా ఉంది, పసుపు పట్టీ, ముదురు గోధుమ పట్టీ ఒకదాని తర్వాత ఒకటి, గూట్లో ఇంటూ నాలుగు చేతులతో పూర్తిగా ఉంది. బి ఇంటి వెనక కనకాంబరాల్లో ఉంది. ఆకారం అచ్చం ఏ లాగే గానీ రంగు బాగా ముదురు, పసుపు పట్టీలు సన్నగా ఉన్నాయి, ఇంటూ లేదు, కింద ఎడమ పక్క ఒక్క గీత మాత్రం వేసింది. సి వరి గట్టు మీద తుంగలో దొరికింది, అన్నిటికంటే పెద్దది, పొట్ట కోలగా, వెండి రంగూ పసుపూ కలిసి, వాటి మీద అడ్డంగా సన్నటి నల్ల గీతలు బోలెడు. డి వరి దుబ్బుల మధ్య ఉంది, చాలా చిన్నది, దీని గూట్లో అసలు ఇంటూనే లేదు, నడుమ గుండ్రంగా తెల్లటి పట్టు బిళ్ల ఉంది. ఇవి కాక 'ఏ' గూటి అంచున ఎర్రగోధుమ రంగు చిన్న సాలీడు ఒకటి ఎప్పుడూ ఉంటోంది. దాని పిల్లేమో అనుకుంటున్నాను.

ఫోన్‌లో ఫోటో పెడితే పేరు చెప్పే యాప్ ఉంది కదా, అందులో 'ఏ' సాలీడు ఫోటో పెడితే ఆర్జియోపి అనసూజా అంది. అదే సాలీడుని కాస్త పక్కనుంచి తీసిన ఫోటో పెడితే ఆర్జియోపి పుల్కెల్లా అంది. ఒకటే సాలీడు, ఒకటే గూడు! ఇప్పుడు ఏది రాయాలి? గూట్లో ఇంటూ పూర్తిగా ఉన్నదీ సగం ఉన్నదీ వేరు జాతులా? రంగు తేడాని లెక్కలోకి తీసుకోవచ్చా? మా గైడ్‌గారు పట్టికలో ప్రతి దానికీ స్పీసీస్ పేరు ఉండాల్సిందే అన్నారు, అందుకే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.


రామతీర్థం_కొండ

అమ్మా, ఒకే సాలీడుని రెండు కోణాల్లో తీసి రెండూ పరీక్షించావు చూడు, అది మంచి పద్ధతి. చాలామంది మొదటి ఫోటోకి వచ్చిన పేరు పట్టికలో రాసేసి ముందుకెళ్లిపోతారు, దాంతో ఆ తప్పు పేరు ఇంకో నలుగురి పట్టికల్లోకి ఎక్కుతుంది.

ముందు గూటి సంగతి. ఆ ఇంటూని బట్టి జాతి చెప్పలేం, దాన్ని పట్టికలోంచి తీసెయ్. ఒకే ఆడ సాలీడు ఈరోజు నాలుగు చేతులూ వేస్తుంది, రేపు గూడు కొత్తగా కట్టినప్పుడు రెండే వేస్తుంది, ఎల్లుండి ఏదీ వేయదు. ఎందుకు వేస్తుందనే దానిమీదే శాస్త్రవేత్తల్లో ఇంకా ఏకాభిప్రాయం లేదు. అతినీలలోహిత కాంతిని ప్రతిఫలించి పురుగుల్ని రప్పించడానికని కొందరు, పక్షులు గూట్లోంచి దూసుకుపోకుండా కనిపించడానికని కొందరు, శత్రువు కంట పడకుండా దాక్కోవడానికని కొందరు అంటారు. పిల్లలుగా ఉన్నప్పుడు వీటిలో చాలా జాతులు నువ్వు డి గూట్లో చూసిన గుండ్రటి బిళ్లే వేస్తాయి, పెద్దయ్యాక ఇంటూలోకి మారతాయి. కాబట్టి డి ఏ జాతి అని అడిగే ముందు అది పిల్లా పెద్దదా అని చూడాలి, నాకైతే నూటికి తొంభై పాళ్లు పిల్ల అనే అనిపిస్తోంది.

తర్వాత రంగు. ఆర్జియోపి పొట్ట మీది వెండి తెలుపు చర్మం కింద పేరుకున్న గ్వానిన్ అనే పదార్థపు స్ఫటికాలది. ఆ పైన పసుపు, గోధుమ రంగులు ఎంత ముదురుగా ఉంటాయన్నది ఒకే జాతిలో ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, పైగా కుబుసం విడిచిన ప్రతిసారీ కాస్త మారుతుంది. కడుపు మాడిన సాలీడు పొట్ట ముడుచుకుని పట్టీలన్నీ దగ్గరికొస్తాయి, అదే గుడ్లతో నిండితే పట్టీలు విడిపోయి పసుపు వెడల్పుగా కనపడుతుంది. నీ ఏ, బి రెండూ ఒకే జాతి అయ్యి ఒకటి నిండు పొట్టతో, ఒకటి ఖాళీ పొట్టతో ఉండే అవకాశం చాలా ఉంది. రెండు జాతులయ్యే అవకాశమూ ఉంది. పై ఫోటోతో ఈ రెండిట్లో ఏదీ తేలదు, యాప్ తేల్చలేకపోయింది కూడా అందుకే.

మరి తేలేది ఎక్కడ అంటే పొట్ట కింద. పెద్దయిన ఆడ సాలీడుకి పొట్ట అడుగున, ముందు భాగంలో, రెండు పక్కలా పుస్తకపు ఊపిరితిత్తుల (పేజీల్లా పొరలుండే శ్వాస అవయవాల) మచ్చలు పాలిపోయి కనిపిస్తాయి. వాటి మధ్యలో గట్టిపడిన చిన్న గుబ్బలాంటి భాగం ఉంటుంది, దాన్ని ఎపిజైన్ అంటారు, అదే ఆడ జననేంద్రియం. దాని ముందు అంచు ఎంత ముందుకి వచ్చింది, మధ్యలో ఉండే విభాజకం (అడ్డుగోడ లాంటి భాగం) సన్నమా వెడల్పా, వెనక్కి వెళ్లేకొద్దీ ఎలా విస్తరించింది, రెండు వైపులా గుంతలు ఎంత లోతు, ఇవీ చూడాల్సినవి. అనసూజాకీ పుల్కెల్లాకీ గట్టి తేడా దొరికే చోటు ఇదే. కుబుసాలన్నీ విడిచి పూర్తిగా ఎదిగితే తప్ప ఎపిజైన్ ఏర్పడదు, కాబట్టి అడుగున నున్నగా ఉంటే అది ఇంకా పిల్లే అని అర్థం, దానికి జాతి పేరు పెట్టే ప్రయత్నం అక్కడితో ఆపేయాలి.

దీనికి చంపక్కర్లేదమ్మా. ఈ సాలీడు గూటికి ఒక పక్క వీపు బయటికి పెట్టి కూర్చుంటుంది, అంటే గూటికి అవతలి పక్కకి నువ్వు వెళితే దారాల మధ్యలోంచి దాని పొట్ట అడుగు నీకు నేరుగా కనపడుతుంది. మెల్లగా వెళ్లు, కొమ్మ కదిపితే రెండు పనులు చేస్తుంది: గూడుని ఊపుతుంది, అప్పుడు ఫోటో చెదిరిపోతుంది. లేదా గూటి నడుమన ఉండే సందులోంచి చటుక్కున ఇటు పక్కకి వచ్చేస్తుంది, అప్పుడు నీకు మళ్లీ వీపే. కాసేపు ఆగు, సర్దుకుంటుంది. ఫోన్‌కి క్లిప్‌తో పెట్టుకునే మాక్రో లెన్స్ ఉంటే చాలు, ఉదయం పూట వెలుగు చూసుకుని, చిన్న స్కేలు గూటి పక్కన పట్టుకుని తియ్యి. పైనుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖం ఒకటి. ముఖం ఎందుకంటే ప్రజాతి నిర్ధారణకి: ఆర్జియోపిలో ఎనిమిది కళ్లు రెండు వరసలు, వెనక వరస బాగా వంపు తిరిగి ఉంటుంది, తల భాగం చదునుగా, వెండి వెంట్రుకలతో కప్పి ఉంటుంది.

సి గురించి: కోల పొట్ట, వెండి, పసుపు మీద సన్నటి అడ్డ గీతలు బోలెడు, బాగా పెద్దది అంటున్నావు. ఆ వర్ణన ఆర్జియోపి ఈములాకి సరిపోతుంది. అడుగు ఫోటో పెడితే ఇంకా ధైర్యంగా చెప్పొచ్చు.

అంచున ఉన్న చిన్నది పిల్ల అయ్యుండకపోవచ్చు. మగది కావచ్చు. ఆర్జియోపిలో మగది ఆడదానితో పోలిస్తే చాలా చిన్నది, రంగూ పట్టీలూ ఏమీ లేకుండా మామూలు గోధుమ రంగులో ఉంటుంది, ఆడదాని గూటి అంచున కాచుకుని కూర్చుంటుంది. నోటికి అటూ ఇటూ ఉండే రెండు చిన్న అవయవాల చివర్లు చూడు, పాల్ప్ అంటారు. అవి ఉబ్బి, ముదురు రంగులో, గజిబిజిగా భాగాలు భాగాలుగా ఉంటే ఎదిగిన మగది. ఉబ్బినా నున్నగా ఉంటే ఇంకా ఒక కుబుసం విడవాల్సిన మగది.


పొలం_గట్టు

అమ్మాయ్, చదువుకున్నోళ్ల మధ్యలో దూరాను, ఏమనుకోకు. మాది ఆమదాలవలస వైపు, వరి చేస్తాను. నువ్వు చెప్పిన ఇంటూ సాలీడు గట్ల మీద మాకూ ఉంటుంది, మిడత పడితే క్షణంలో పట్టుతో చుట్టేస్తుంది, నేను కళ్లారా చూశాను, ఎంత పెద్ద మిడతైనా సరే. ఇంకో రకం కూడా ఉంది, సన్నగా పొడుగ్గా, వరి ఆకు మీద కాళ్లు ముందుకీ వెనక్కీ చాపి ఆకులో కలిసిపోయి పడుకుంటుంది. గూడు పడుకోబెట్టినట్టు ఉంటుంది, నీళ్లకి దగ్గరగా. అదీ ఇదేనా? ఇంకోటి గూడే కట్టదు, మడిలో దుబ్బుల మొదట్లో పరిగెడుతుంది, నీళ్ల మీద కూడా పోతుంది.

ఒక్క మాట మాత్రం చెప్తాను. సుడిదోమ కనపడింది కదా అని ముందూ వెనకా చూడకుండా మందు కొట్టిన మడిలో ఇవన్నీ పోతాయి, దోమ మాత్రం మళ్లీ వస్తుంది. నీ ప్రాజెక్టులో అది కూడా రాయి, మందు కొట్టిన మడీ కొట్టని మడీ పక్కపక్కన చూసి రాస్తే మాలాంటోళ్లకి పనికొస్తుంది.


రామతీర్థం_కొండ

అన్నా, మీరు చెప్పినవి రెండూ వేరే ప్రజాతులు. ఆకు మీద చాపుకుని పడుకునేది టెట్రాగ్నాతా, పొడుగు దవడల సాలీడు. దుబ్బుల మొదట్లో పరిగెత్తేది తోడేలు సాలీళ్ల కుటుంబం, వరిలో ఎక్కువగా కనిపించేది పార్డోసా సూడోయాన్యులాటా, సుడిదోమని తినడంలో దానికి పేరుంది. ఇంటూ సాలీడు గట్టు మీద, ఎగిరి దూకే పెద్ద పురుగుల్ని పడుతుంది, ఇది దుబ్బు మొదట్లో దోమని పడుతుంది, టెట్రాగ్నాతా ఆ రెండిటి మధ్యలో గూడు కడుతుంది. ఒకే మడిలో మూడు ఎత్తుల్లో మూడు రకాల కాపలా. మందు కొట్టిన మడితో పోల్చమన్న మీ మాట చాలా విలువైనది, అమ్మాయి తప్పకుండా పట్టించుకోవాలి, ఆ పోలికకి స్పీసీస్ పేరు కూడా అక్కర్లేదు, ప్రజాతి చాలు.


గుత్తి_టు_విజయనగరం

మాస్టారూ, చిన్న అభ్యంతరం. మాది అనంతపురం జిల్లా గుత్తి, ఉద్యోగం విజయనగరంలో. రంగు లెక్కలోకి రాదు అని మీరు కొట్టిపారేశారు గానీ మా గుత్తి సాలీడు సంగతేమిటి? పోయెసిలోథీరియా మెటాలికా, నీలం రంగు చెట్టు టరాంటులా. పోకాక్ అనే శాస్త్రవేత్త 1899లో వర్ణించాడు, దొరికింది గుత్తిలో రైల్వే కలప యార్డులో. తర్వాత వందేళ్ల పాటు కనపడక, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. దాన్ని ఎవరైనా నీలం చూసే కదా గుర్తుపట్టేది! ఆ ప్రజాతిలో మిగతావాటిని కూడా కాళ్ల అడుగున ఉండే పట్టీలు చూసి వేరు చేస్తారని చదివాను. మన తూర్పు కనుమల్లోనే 2006లో వర్ణించిన టైగ్రినావెసెలీ అనే జాతి ఉంది, దాన్నీ అలాగే. టరాంటులాకి పనికొచ్చిన రంగు ఈ అమ్మాయి సాలీడుకి ఎందుకు పనికిరాదు? మైక్రోస్కోపు లేని పల్లెటూరి పిల్లలు సాలీళ్ల జోలికే పోకూడదా?


రామతీర్థం_కొండ

మంచి ప్రశ్న, నేను మొదట్లోనే చెప్పి ఉంటే బాగుండేదనిపించే ప్రశ్న. మీరు చెప్పింది నిజం. పోయెసిలోథీరియాలో కాళ్ల అడుగు పట్టీల మీదే ఎక్కువగా ఆధారపడతారు, ఏ కాలు మీద, ఏ కణుపు మీద, ఎంత వెడల్పు పట్టీ ఉంది అన్నదే జాతిని పట్టించే గుర్తు. అక్కడ అది పనిచేస్తుంది. ఆర్జియోపిలో పనిచేయదు. కారణం ఏమిటంటే ఒక లక్షణం జాతిని వేరు చేయగలదా లేదా అన్నది ప్రజాతి ప్రజాతికీ మారుతుంది. ఒక లక్షణం ఒకే జాతి లోపల ఎంత మారుతుంది, జాతికీ జాతికీ మధ్య ఎంత మారుతుంది, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. జాతి లోపలి తేడా చిన్నదిగా, జాతుల మధ్య తేడా పెద్దదిగా ఉంటే అది గుర్తు. పోయెసిలోథీరియా కాళ్ల పట్టీలు అలాంటివి. ఆర్జియోపి పొట్ట పట్టీల్లో ఈ రెండు తేడాలూ ఒకదాని మీదికి ఒకటి వచ్చేస్తాయి, అనసూజాల్లో బాగా ముదురుది పుల్కెల్లాలో లేతదాని కంటే ముదురుగా ఉండొచ్చు. దీన్ని ఒక్క సాలీడుని చూసి ఎవరూ చెప్పలేరు, వందల నమూనాలు పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు చెప్పారు కాబట్టి మనకి తెలుస్తోంది.

జననాంగాలకి ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే మగదాని పాల్ప్ ఆడదాని ఎపిజైన్‌లో పట్టాలి, తాళంచెవీ తాళంలాగా. సూదిలాంటి భాగం ఒకటి పాల్ప్ చివర ఉంటుంది, ఎంబోలస్ అంటారు. ఆర్జియోపిలో ఒక విచిత్రం ఉంది: జతకట్టేటప్పుడు ఈ ఎంబోలస్ కొస విరిగి ఆడదాని లోపలే ఉండిపోతుంది, ఇంకో మగది రాకుండా అడ్డుపడే బిరడాలాగా. పీటర్ యేగర్ అని ఫ్రాంక్‌ఫర్ట్ సెంకెన్‌బర్గ్ మ్యూజియం ఆయన 2012లో ఈ ప్రజాతిని మళ్లీ పరిశీలించినప్పుడు ఆ విరిగిన ముక్కల్నే ఆధారంగా వాడుకున్నాడు. ఆడదాంట్లో ఇరుక్కున్న ముక్క ఏ మగదానిదో ఆకారాన్ని బట్టి పట్టుకుంటే, ఫలానా ఆడదీ ఫలానా మగదీ ఒకే జాతి అని చెప్పడానికి చేతిలో సాక్ష్యం ఉన్నట్టే కదా. ఆడదీ మగదీ ఇంత తేడాగా ఉండే చోట, పాత రోజుల్లో ఒకే జాతికి ఆడదానికో పేరు మగదానికో పేరు పెట్టేసిన చోట, ఇది ఎంత పనికొస్తుందో ఆలోచించండి. నాకు ఈ ప్రజాతిలో అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే.

ఇంకో ఇబ్బంది, పాత నమూనాలన్నీ సారాయిలో ఉన్నాయి. డెబ్బై, ఎనభై శాతం ఆల్కహాల్‌లో పెడితే కొన్నాళ్లకి పసుపు వెలిసిపోతుంది, రంగు మీద రాసిన వర్ణన పరీక్షించడానికి ఏమీ మిగలదు, ఎపిజైన్ మాత్రం వందేళ్ల తర్వాతా అలాగే ఉంటుంది. అనసూజాని స్వీడన్ ఆయన థోరెల్ 1887లో బర్మా సాలీళ్ల మీద రాసినప్పుడు వర్ణించాడు, పుల్కెల్లా కూడా ఆయనదే, 1881. మన గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్లు ఓడలెక్కి రంగం (రంగూన్) పోతున్న కాలం అది. ఇప్పుడు ఉద్దానంలో దొరికిన సాలీడు ఆ పేరు గలదేనా అని అడిగితే, చివరికి పోల్చాల్సింది ఆనాటి నమూనాతోనే. మన దేశంలో జువలాజికల్ సర్వేకి చెందిన టికాదర్ 1982లో ఆర్జియోపి చేరే సాలీళ్ల కుటుంబం మీద ఒక పెద్ద సంపుటం ప్రచురించాడు, దాంట్లోని ఎపిజైన్ బొమ్మలు ఇప్పటికీ వాడతారు. కానీ పేర్లు ఆ తర్వాత కొన్ని మారాయి, అందుకని ఏ పేరైనా రాసే ముందు బెర్న్ మ్యూజియం వాళ్లు నడిపే ప్రపంచ సాలీళ్ల కేటలాగ్‌లో ఒకసారి చూసుకోవాలి. ఇంటర్నెట్‌లో ఉచితమే. 2022లో అందులో జాతుల సంఖ్య యాభై వేలు దాటింది. ఆర్జియోపిలో ప్రపంచమంతా కలిపి దాదాపు తొంభై ఉంటాయి.

పేరు పక్కన రచయిత (ఆ జాతిని మొదట వర్ణించినవాళ్లు) పేరుకి బ్రాకెట్లు ఉన్నాయా లేవా అన్నది కూడా అలాగే కాపీ చెయ్యమ్మా. అనసూజా పక్కన థోరెల్, 1887 అని ఊరికే ఉంటుంది. ఈములా పక్కన వాల్కెనేర్, 1841 అన్నది బ్రాకెట్లలో ఉంటుంది, ఎందుకంటే ఆయన మొదట దాన్ని ఎపీరా అనే ప్రజాతిలో పెట్టాడు, తర్వాత ఇటు మార్చారు. బ్రాకెట్లు అలంకారానికి కాదు.

ఇక పల్లెటూరి పిల్లలు అన్న మాటకి: మైక్రోస్కోపు లేనివాళ్లు సాలీళ్ల జోలికి పోకూడదని నేను ఎప్పటికీ అనను. వాళ్లే పోవాలి. కళింగపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ తోటలో ఏముందో రాసిపెట్టినవాళ్లు ఎంతమంది? నేను చెప్పేది ఒక్కటే. తెలిసినంత వరకే పేరు రాయాలి, ఆధారం ఎంతవరకు ఉందో అంతవరకే ఆగాలి. ఆర్జియోపి అని మాత్రమే రాసి, ఊరు, తేదీ, ఏ మొక్క మీద, అడుగు ఫోటో జతచేసిన రికార్డుని పదేళ్ల తర్వాత ఎవరో చూసి జాతి చెప్పగలరు. ఊహించి అనసూజా అని రాసి ఫోటో లేని రికార్డుని ఎవరూ ఏమీ చేయలేరు. అది ఉండటం కంటే లేకపోవడమే నయం.

డీఎన్‌ఏ సంగతి ఎవరైనా అడుగుతారేమో, ముందే చెప్తాను. సీఓఐ అనే జన్యువులో 658 అక్షరాల ముక్క చదివి పోల్చే పద్ధతి ఉంది, మంచిదే, ఎదిగేదాకా ఆగకుండా పిల్లల్ని గుర్తించడానికి పనికొస్తుంది. కానీ పోల్చడానికి ముందు ఎవరో ఎపిజైన్ చూసి సరిగ్గా పేరు పెట్టిన నమూనా ఉండాలి, లేకపోతే తప్పు పేరుతో తప్పు పేరు కలుస్తుంది.


గుత్తి_టు_విజయనగరం

అర్థమైంది మాస్టారూ, ప్రజాతిని బట్టి లక్షణం విలువ మారుతుందన్నది నేను ఆలోచించలేదు. మా గుత్తి సాలీడుకి వచ్చిన కష్టం కూడా ఒకటి చెప్పాలి ఇక్కడ. అందంగా ఉందని పెంచుకునేవాళ్ల కోసం ఎక్కడెక్కడికో ఎత్తుకుపోతున్నారు, 2008లో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ దాన్ని తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది, 2019లో ఆ ప్రజాతి మొత్తాన్నీ సైటిస్ (అంతరించే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో పెట్టారు. అమ్మాయ్, నీ ప్రాజెక్టులో కొండల వైపు వెళ్లి టరాంటులా దొరికితే మాత్రం కచ్చితమైన చోటు ఎక్కడా పబ్లిగ్గా పెట్టకు, మండలం పేరు రాస్తే చాలు.


కవిటి_జీడితోట

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ, ఇంత ఓపిగ్గా చెప్తారనుకోలేదు. మాస్టారు చెప్పినట్టే గూటికి అవతలి పక్కకి వెళ్లి తీశాను, ఫోటోలు పైన జతచేశాను. ఏ కి అడుగున రెండు పాలిపోయిన మచ్చల మధ్య ముదురు రంగు గుబ్బ స్పష్టంగా ఉంది. బి కి అదే చోట నున్నగా ఉంది, ఏమీ లేదు. సి కి గుబ్బ ఉంది, ఏ కంటే వేరే ఆకారం. డి కుబుసం విడిచింది, పట్టు బిళ్ల స్థానంలో ఇప్పుడు కింద రెండు చేతులు వేసింది, గూడు అదే చోట ఉంది, అడుగున ఇంకా ఏమీ లేదు. చిన్నదానికి పాల్ప్ చివర్లు నల్లగా, ఉబ్బి, గజిబిజిగా ఉన్నాయి. అంటే అది పిల్ల కాదన్నమాట, మగదే!

ఇప్పుడు పట్టికలో ఏమని రాయాలి సార్? గైడ్‌గారికి ఎలా చెప్పాలి?


రామతీర్థం_కొండ

ఫోటోలు చూశాను. సి అడుగు ఫోటో చక్కగా వచ్చింది, పొట్ట ఆకారం, గీతలు, ఎపిజైన్ మూడూ ఈములాకే సరిపోతున్నాయి, ఆ పేరు రాసెయ్, పక్కన ఏ ఆధారంతో చెప్పావో కూడా రాయి. 'ఏ' ఫోటోలో విభాజకం మీద వెలుతురు పడి మెరిసిపోయింది, వెనక అంచు కనపడటం లేదు. అనసూజా వైపే మొగ్గుతున్నాను గానీ పుల్కెల్లా కాదని ఆ ఫోటో మీద నేను సంతకం పెట్టను. దాన్ని ఆర్జియోపి సీఎఫ్. అనసూజా అని రాయి. సీఎఫ్. అంటే దీనితో పోల్చి చూడండి అని శాస్త్రవేత్తలంతా వాడే గుర్తు, అంతర్జాతీయ పత్రికల్లో కూడా అచ్చవుతుంది. బి, డి రెండూ పిల్లలు కాబట్టి ఆర్జియోపి ఎస్పీ. (జాతి తేలలేదు అని), పక్కన పిల్ల అని. డి ని మాత్రం వదలకు, వరిలో, గడ్డిలో ఉండే కాటెన్యులాటా అనే జాతి ఒకటి ఉంది, అది అయితే మీ దిగువ మళ్లకి మంచి రికార్డు. అదే గూట్లో ఉంది కాబట్టి ఎదిగేదాకా చూస్తూ ఉండు. మగదాన్ని 'ఏ' గూట్లో మగది అని రాయి, కలిసి ఉన్నంత మాత్రాన ఒకే జాతి అని ఖాయం కాదు గానీ ఆ సమాచారం విలువైనది.

గైడ్‌గారికి ఈ నాలుగు అడుగు ఫోటోలు పక్కపక్కన ప్రింటు తీసి చూపించు. గుబ్బ ఉన్నదీ నున్నగా ఉన్నదీ పక్కపక్కన చూస్తే జువాలజీ చెప్పేవాళ్లకి ఇంకో మాట అక్కర్లేదు. నాలుగు పేర్లు ఊహించి నింపిన పట్టిక కంటే ఒక పేరు, ఒక సీఎఫ్., రెండు ఎస్పీ. ఉన్న నీ పట్టికే మెరుగైనదని నేను గట్టిగా చెప్తాను, కావాలంటే ఈ థ్రెడ్ ఆయనకి చూపించు.

ఇంకొకటి. నీ 'ఏ' ఆడది గుడ్లు పెట్టాక కొన్నాళ్లకి దానంతట అదే చనిపోతుంది. అప్పుడు పారేయకుండా చిన్న సీసాలో ఆల్కహాల్ పోసి పెట్టు, లోపల పెన్సిల్‌తో రాసిన కాగితం వెయ్యి: ఊరు, మండలం, తేదీ, జీడిచెట్టు, నేల నుంచి ఎంత ఎత్తు. పెన్నుతో రాస్తే సిరా కరిగిపోతుంది. ఏ కాలేజీలోనైనా స్టీరియో మైక్రోస్కోపు కింద పెడితే అనసూజానా పుల్కెల్లానా అన్నది అప్పుడు తేలుతుంది.


పొలం_గట్టు

అమ్మాయ్, మా మళ్లలో సగానికి ఈ ఏడు మందు కొట్టలేదు. సెలవుల్లో వచ్చి చూసుకుంటానంటే మీ నాన్నగారినో అన్నయ్యనో తోడు తీసుకుని రా, గట్లన్నీ తిప్పి చూపిస్తాను. ఆ స్కేలూ లెన్సూ మర్చిపోకు.